ట్రీట్ టాయ్ కొనే ముందు కుక్క నమిలే తీరు చూడండి

లోపల తిండి నింపి ఇస్తే కుక్క దాన్ని నాకుతూ, దొర్లిస్తూ, మూతితో తోస్తూ కొద్దికొద్దిగా బయటికి తీసుకుని తినే బొమ్మలే ట్రీట్ టాయ్‌లు. కొనేవాళ్లు ముందుగా అడిగేది ఇది కుక్కకు ఎంతసేపు కాలక్షేపం ఇస్తుందనే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేదీ అదే. నా లెక్కలో అది మూడో ప్రశ్న. అంతకుముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీ కుక్క ఎలా నములుతుంది? అది ఆడుకునేటప్పుడు మీరు అదే గదిలో ఉంటారా? ఈ రెండిటికీ ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పుకుంటే, షాపులో కనిపించే బొమ్మల్లో సగం మీకు పనికిరావని తెలిసిపోతుంది. మిగతా వాటిలో ఒకటి ఎంచుకోవడం పెద్ద పని కాదు.

తెలివి సంగతి ఆ తర్వాత. మాది చాలా తెలివైన కుక్క, కష్టమైన పజిల్ కావాలి అని ఏరికోరి తెస్తే, అది ఆ పజిల్ మూత పీకి నమిలేస్తుంది. కుక్క దృష్టిలో అదీ ఒక పరిష్కారమే మరి.

ముందు నమిలే తీరు

కుక్కల్ని ఈ విషయంలో మూడు రకాలుగా చూడొచ్చు. కొన్ని నాకుతాయి, మెత్తగా పట్టుకుంటాయి, బొమ్మ నెలల తరబడి కొత్తగానే ఉంటుంది. కొన్ని గంటల కొద్దీ కొరుకుతాయి గానీ ముక్కలు చేయవు. మూడో రకం చీల్చేవి. వీటికి తిండికన్నా చింపడంలోనే మజా ఎక్కువ. చీల్చిన ముక్కను ఉమ్మేసే కుక్క ఒక ఎత్తు, మింగేసే కుక్క ఇంకో ఎత్తు. మీ కుక్క ఏ రకమో తెలుసుకోవడానికి పరీక్షలేమీ అక్కర్లేదు. దాని పాత బొమ్మలు, అది పాడుచేసిన చెప్పులు ఒకసారి తిరగేసి చూడండి. పంటి గుర్తులే ఉన్నాయా, ముక్కలు ఊడాయా, ఊడిన ముక్కలు ఇంట్లో దొరికాయా అన్నది చూస్తే చాలు. ముక్కలు దొరక్కపోతే అవి ఎక్కడికి వెళ్లాయో వేరే చెప్పక్కర్లేదు.

పిల్లల బొమ్మలకు చాలా దేశాల్లో తప్పనిసరి భద్రతా ప్రమాణాలున్నాయి. కుక్కల బొమ్మలకు అలాంటివి చాలాచోట్ల లేవు. డబ్బా మీద "సేఫ్", "నాన్ టాక్సిక్", "విరగదు" అని ఉన్నంత మాత్రాన ఎవరో పరీక్షించి ముద్ర వేశారనుకోకూడదు. అందుకని చూసుకోవాల్సిన బాధ్యత మన మీదే పడుతుంది.

గట్టి రబ్బరు బొమ్మ: మొదటి కొనుగోలు ఇదే

లోపల బోలుగా ఉండి, రెండు చివరలా చిల్లులున్న రబ్బరు బొమ్మ అన్నిటికంటే ఎక్కువ కుక్కలకు సరిపోతుంది. ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు కాంగ్. దాని పుట్టుక కూడా నమలడంతోనే ముడిపడి ఉంది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్ఖమ్ అనే ఆయన పెంచుకునే జర్మన్ షెపర్డ్ కుక్క ఫ్రిట్జ్ రాళ్లు నమిలి పళ్లు పాడుచేసుకునేది. ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తుండగా పక్కన పడేసిన ఒక రబ్బరు భాగాన్ని అది వదలకుండా పట్టుకుంది. ఆ ఆకారం నుంచే బొమ్మ తయారైంది. ఈ కంపెనీ ఒకే ఆకారాన్ని వేర్వేరు గట్టితనాలతో అమ్ముతుంది. మామూలు కుక్కలకు ఎరుపు, బలంగా నమిలేవాటికి నలుపు, కుక్కపిల్లలకూ ముసలి కుక్కలకూ మెత్తని రబ్బరు. వేరే కంపెనీది కొన్నా ఈ తేడా గమనించండి. పాల పళ్లున్న కూనకు నలుపు రకం ఇవ్వడం ఎంత తప్పో, రాట్‌వైలర్‌కు కూనల బొమ్మ ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు.

ఈ రకంలో తప్పక చూడాల్సింది చిల్లుల సంఖ్య. ఒకే చిల్లున్న బోలు బంతిలోకి కుక్క నాలుక పెట్టి నాకుతుంటే లోపలి గాలి బయటికి పోయి శూన్యం ఏర్పడుతుంది. నాలుక లోపలికి లాక్కుపోయి ఇరుక్కుంటుంది. రక్తం ఆడక వాస్తుంది, వాచిన కొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. 2008లో అమెరికాలో ఇలాంటి బంతి వల్ల ఒక కుక్క నాలుక తీసేయాల్సి రావడంతో ఆ బంతిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. గాలి ఆడటానికి రెండో చిల్లు ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. రెండు చిల్లుల బొమ్మే అయినా, చిన్న చిల్లును గట్టి పదార్థంతో బిగించేసి ఇస్తే అది ఒక చిల్లు బొమ్మతో సమానమే. కారకుండా కొంచెం వెన్న పూసి మూయడం వేరు, గడ్డకట్టించి సీలు వేయడం వేరు. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు మధ్యలో ఒక స్ట్రా గుచ్చి, గడ్డకట్టాక తీసేస్తే గాలి దారి మిగులుతుంది.

సైజు విషయంలో నియమం సులువు. బొమ్మ మొత్తం కుక్క నోట్లో పట్టకూడదు, వెనక దవడ పళ్లు దాటి లోపలికి పోకూడదు. రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దదే తీసుకోండి. గుండ్రటి బంతుల దగ్గర ఇది మరీ ముఖ్యం. లాలాజలంతో జారుడుగా ఉన్న బంతి గొంతులో కూరుకుంటే పట్టుకుని లాగడానికి పట్టు దొరకదు. ఇంట్లో ఒక చిన్న కుక్క, ఒక పెద్ద కుక్క ఉంటే బొమ్మలన్నీ పెద్దదాని సైజులోనే ఉండాలి, ఎందుకంటే చిన్నదాని బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు పెద్దదాని నోట్లో పడుతుంది.

గట్టితనానికి గోటి పరీక్ష పెట్టండి. బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా లోపలికి పోవాలి. అసలు కదలకపోతే అది పన్ను విరిగేంత గట్టిది. గట్టి నైలాన్, కొమ్ము, ఎముక లాంటివి నమిలే కుక్కల్లో పై దవడ నాలుగో ప్రీమోలార్, అంటే బుగ్గ పక్కన ఉండే పెద్ద పన్ను, పలకలా చిట్లడం పశువైద్యులు తరచుగా చూసే గాయమే. గట్టిగా ఉంటే ఎక్కువ కాలం మన్నుతుంది కదా అనుకుని వీటిని కొంటాం. మన్నేది బొమ్మ, పోయేది పన్ను.

దొర్లేవి, ఊగేవి

లోపల డ్రై ఫుడ్ వేసి, కుక్క తోసినప్పుడల్లా రెండు గింజలు రాలే బంతులు, అడుగున బరువుండి ఊగుతూ నిలబడే బొమ్మలు రెండో రకం. పరుగులు పెట్టే కుక్కలకు, గబగబా మింగేసే కుక్కలకు ఇవి చాలా బాగుంటాయి. పూట భోజనం మొత్తం ఇందులోనే పెట్టొచ్చు, అదనపు కేలరీల బెంగ ఉండదు.

ఇబ్బంది ఏంటంటే వీటిలో చాలావరకు గట్టి ప్లాస్టిక్. తోసి ఆడినంతసేపు ఫర్వాలేదు. ఖాళీ అయ్యాక కుక్క దాన్ని ముందు కాళ్ల మధ్య పెట్టుకుని నమలడం మొదలుపెడితే అంచులు పదునుగా చిట్లుతాయి. అందుకే తిండి అయిపోగానే తీసి పైన పెట్టేయాలి. చీల్చే రకం కుక్కకు నేనైతే ఇది ఒంటరిగా వదలను. గింజలు రాలే చిల్లులో కింది దవడ గానీ, పన్ను గానీ ఇరుక్కునేంత వెడల్పు ఉందేమో కూడా చూడండి. గట్టి నేల మీద ఇవి చేసే చప్పుడు గురించి డబ్బా మీద ఎవరూ రాయరు. శబ్దానికి బెదిరే కుక్క ఒక్కసారి ఉలిక్కిపడితే ఆ తర్వాత దాని దగ్గరికే రాదు. అలాంటి కుక్కకు కార్పెట్ మీద, లేదా మెత్తని రబ్బరుతో చేసిన దొర్లే బంతితో మొదలుపెట్టడం మేలు.

నాకే మ్యాట్, వాసన పట్టే మ్యాట్

లిక్ మ్యాట్ అంటే గాడులున్న పల్చటి సిలికాన్ లేదా రబ్బరు పలక. పెరుగో, ఉడికించి మెదిపిన గుమ్మడికాయో పూసి ఇస్తారు. నాకడం కుక్కను నెమ్మదిపరుస్తుంది కాబట్టి స్నానం, గోళ్లు కత్తిరించడం లాంటి పనులప్పుడు దీన్ని మించింది లేదు. చదును ముక్కున్న పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటివి లోతైన బొమ్మల్లోకి నాలుక చాపలేవు, వాటికి ఇదే సరైనది. పళ్లు పోయిన ముసలి కుక్కకూ అంతే. కానీ సిలికాన్‌ను కొరికి తుంచడం కుక్కకు క్షణాల పని. మీరు పక్కన ఉండగా ఇవ్వాల్సిన వస్తువు ఇది. ఇచ్చి బయటికి వెళ్లేది కాదు.

స్నఫుల్ మ్యాట్ గుడ్డ పీలికలతో చేస్తారు. గింజలు అందులో చల్లితే కుక్క ముక్కుతో వెతుక్కుంటుంది. నా దృష్టిలో కుక్క సహజ గుణానికి దగ్గరగా వచ్చే బొమ్మ ఇదే, ఎందుకంటే ఇందులో గెలుపోటములు లేవు, వాసన పట్టుకుంటూ పోవడమే. వయసు మళ్లి ఎక్కువ నడవలేని కుక్కకు, ఆపరేషన్ తర్వాత కదలకుండా ఉండాల్సిన కుక్కకు మంచి కాలక్షేపం. అయితే పీలికలు మింగే అలవాటున్న కుక్కకు వద్దే వద్దు. పొడుగాటి దారం గానీ గుడ్డ పీలిక గానీ పేగులోకి వెళ్తే ఒక చివర ఎక్కడో తట్టుకుని, పేగు దాని మీద కుచ్చిళ్లలా ముడుచుకుపోతుంది. దారం బిగిసి పేగు గోడ కోసుకుపోవచ్చు. చాలాసార్లు ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

పజిల్ బోర్డులు

మూతలు జరిపి, అరలు లాగి కింద దాచిన తిండి తీసుకునే పలకలు ఇవి. చూడముచ్చటగా ఉంటాయి, వీడియోల్లో ఇంకా బాగుంటాయి. ఇది కుక్క ఒంటరిగా ఆడే ఆట కాదు. మనిషీ కుక్కా కలిసి ఆడేది. ఊడివచ్చే చిన్న మూతలు, పుల్లలు ఉన్నవి చిన్న కుక్కకే కాదు, పెద్ద కుక్కకూ ప్రమాదమే, గుటుక్కున మింగేస్తుంది. కొంటే భాగాలన్నీ గాడిలోనే కదిలే రకం తీసుకోండి. స్థాయిలు రాసి ఉంటే మొదటిదే కొనండి. చాలా కుక్కలు కొన్నాళ్లకే కిటుకు పట్టేస్తాయి, ఆ తర్వాత అది తిండి గిన్నెతో సమానం. కొన్న డబ్బుకు దక్కే వినోదం చూస్తే ఈ రకం నాకు అంతగా నచ్చదు.

బ్యాటరీతో నడిచేవి

టైమర్ పెట్టినవి, ఫోన్ నుంచి బటన్ నొక్కితే ట్రీట్ విసిరేవి, కెమెరా ఉన్నవి ఇప్పుడు చాలా వచ్చాయి. గోడకో, బల్ల మీదో కుక్కకు అందకుండా బిగించేవైతే సరే. నేల మీద తిరుగుతూ తిండి రాల్చే రోబో బంతి మాత్రం నమిలే కుక్క చేతికి ఇవ్వకూడదు. బటన్ బ్యాటరీ మింగితే అది అన్నవాహికలో తడి తగిలి రసాయనికంగా కాల్చేస్తుంది, గంటలు కూడా పట్టకుండానే గాయం మొదలవుతుంది. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మను అసలు పరిశీలించకండి.

ఇంట్లో చేసుకునేవి

పైసా ఖర్చు లేని దారులూ ఉన్నాయి. పాత టవల్‌లో గింజలు చల్లి చుట్టివ్వడం, టిష్యూ రోల్ అట్ట గొట్టంలో వేసి చివరలు మడిచివ్వడం, అట్టపెట్టెలో చిత్తు కాగితాల మధ్య దాచడం. చీల్చడమే సరదా అయిన కుక్కకు అట్టపెట్టె ఇస్తే దాని కోరికా తీరుతుంది, మీ సోఫా కూడా బతుకుతుంది. పిన్నులు, టేపు, జిగురు ముందే తీసేయాలి. అట్టను తినేసే కుక్కకు ఇది పనికిరాదు. ప్లాస్టిక్ సీసాలో గింజలు వేసి ఇవ్వమనే సలహా అక్కడక్కడా కనిపిస్తుంది. మూత, మూత కింది రింగు తీసేసినా, నలిగిన సీసా అంచులు పదునుగా ఉంటాయి. అంతకంటే టవల్ నయం.

లోపల ఏం పెడుతున్నారు

బొమ్మ ఎంత మంచిదైనా నింపేది చూసుకోకపోతే ఉపయోగం లేదు. అందరూ వాడే పీనట్ బటర్‌తోనే పెద్ద చిక్కు. కొన్ని రకాల్లో చక్కెర బదులు జైలిటాల్ కలుపుతారు. మనుషులకు ఫర్వాలేదు గానీ, కుక్క శరీరంలో అది ఒక్కసారిగా ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది. రక్తంలో షుగర్ పడిపోతుంది, ఒక్కోసారి అరగంటలోనే. కిలో శరీర బరువుకు 0.1 గ్రాము చేరినా ఈ ప్రమాదం ఉంటుంది, అంటే పది కిలోల కుక్కకు ఒక్క గ్రాము. మోతాదు పెరిగితే కాలేయం కూడా దెబ్బతింటుంది. లేబుల్ మీద బర్చ్ షుగర్ అని గానీ, ఇ967 అని గానీ ఉన్నా అది జైలిటాలే. "షుగర్ ఫ్రీ" అని కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ద్రాక్ష, కిస్‌మిస్ (కిడ్నీలు దెబ్బతింటాయి), చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, మకడామియా గింజలు, ఉడికించిన ఎముకలు ఏ రూపంలోనూ బొమ్మలోకి వెళ్లకూడదు. జున్ను, పీనట్ బటర్ లాంటి కొవ్వు పదార్థాలు రోజూ దట్టంగా నింపితే బరువు పెరగడమే కాదు, పాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు, వచ్చే అవకాశం ఉంది. మినియేచర్ ష్నాజర్ లాంటి జాతుల్లో ఈ భయం ఎక్కువ. అదనపు తిళ్లు రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే మామూలు లెక్క. అన్నిటికంటే తేలికైన పద్ధతి, రోజూ పెట్టే డ్రై ఫుడ్‌నే నీళ్లలో నానబెట్టి బొమ్మలో నింపడం, పైపైన మాత్రం ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ ముక్క పెట్టడం. అంత తిండి గిన్నెలో తగ్గించడం మర్చిపోకండి.

అలవాటు చేయడం, ఒంటరిగా వదలడం

1963లో గ్లెన్ జెన్సన్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, గిన్నెలో తిండి ఊరికే దొరుకుతున్నా అవి మీట నొక్కి కూడా సంపాదించుకున్నాయి. కుక్కలన్నీ అలాంటివే అనుకోకండి. కొన్ని ఎగబడతాయి, కొన్ని గిన్నె ఉన్న మూల వైపు చూస్తూ కూర్చుంటాయి. అందుకని మొదటిసారి దాదాపు ఊరికే రాలిపోయేంత వదులుగా నింపండి. గెలిచిన రుచి తెలిశాక కొంచెం కొంచెం బిగించొచ్చు. ఫ్రీజర్ దాకా వెళ్లడం చివరి మెట్టు. కుక్క మొరగడం, బొమ్మను విసిరికొట్టడం, వదిలేసి వెళ్లిపోవడం చేస్తే అది మొండితనం కాదు, మనం పెట్టిన పరీక్ష కష్టమైందని అర్థం.

ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరు గదుల్లో ఇవ్వండి. ఎన్నాళ్లుగానో స్నేహంగా ఉన్నవి కూడా తిండి నిండిన బొమ్మ దగ్గర గుర్రుమంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో కుక్క బొమ్మతో ఉన్నంతసేపు పిల్లలు ఆ దరిదాపులకు వెళ్లకూడదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు వదలదగ్గది, నా ఉద్దేశంలో, సరైన సైజులో ఉన్న గట్టి రబ్బరు బొమ్మ ఒక్కటే. అది కూడా మీ కళ్ల ముందు చాలాసార్లు ఆడి, ముక్క ఊడలేదని తేలాకే. ఇక్కడో మాట. మీరు గడప దాటగానే ఏడ్చి, తలుపు గీరే కుక్కకు ఇది మందు కాదు. భయంలో ఉన్న కుక్క ఎంత ఇష్టమైన తిండినైనా ముట్టదు. మీరు తిరిగొచ్చేసరికి నింపింది నింపినట్టే ఉంటే, లేదా మీరు రాగానే తినడం మొదలుపెడితే, సమస్య బోర్ కొట్టడం కాదు. బొమ్మ మార్చకుండా పశువైద్యుడితోనో, ప్రవర్తన నిపుణుడితోనో మాట్లాడాలి.

కడగడం, పారేయడం, డాక్టర్ దగ్గరికి పరుగెత్తడం

లోపల మిగిలిన పెరుగు, మాంసం ఒక్క రోజులో పాడైపోతాయి. వాడిన రోజే వేడినీళ్లలో నానబెట్టి, సీసాలు కడిగే బ్రష్‌తో లోపలంతా రుద్దాలి. బ్రష్ దూరని బొమ్మ కొనకపోవడమే మంచిది. మ్యాట్ గుడ్డదైతే పూర్తిగా ఆరేదాకా వాడకండి, బూజు పడుతుంది.

ఇచ్చే ముందూ తీసుకున్నాకా బొమ్మను ఒకసారి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. పగులు, పంటి గాట్లలోంచి లేస్తున్న పొర, ఒక ముక్క తగ్గడం, వీటిలో ఏది కనిపించినా పారేయడమే. ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

ముక్క మింగిందని అనుమానం వస్తే పదేపదే వాంతులు, తిండి మానేయడం, కడుపు ముట్టుకోనివ్వకపోవడం, విరేచనానికి ముక్కడం లాంటి లక్షణాలు గమనించాలి. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. బ్యాటరీ, జైలిటాల్ విషయంలోనైతే లక్షణాల కోసం అసలు చూడకుండా వెంటనే బయలుదేరాలి. మలద్వారం నుంచి దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు తెగొచ్చు. డాక్టర్ చెప్పకుండా ఇంట్లో వాంతి చేయించకండి, పదునైన ముక్క గానీ బ్యాటరీ గానీ పైకి వచ్చేటప్పుడు రెండోసారి గాయం చేస్తుంది. నాలుక బొమ్మలో ఇరుక్కుంటే బలవంతంగా పీకకుండా బొమ్మతో సహా తీసుకెళ్లండి. ఏం మింగినా మిగిలిన బొమ్మను, తిండి డబ్బాను వెంట తీసుకెళ్తే ఎంత ముక్క తగ్గిందో, అందులో ఏముందో డాక్టర్‌కు వెంటనే తెలుస్తుంది. రబ్బరు, గుడ్డ ముక్కలు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు సరిగా కనిపించవు.